అక్షరం లేని గది

ప్రియమైన మీకు,

ఇక్కడ మేమంతా క్షేమం అని మొదలుపెడదామనుకున్నాను గానీ అబద్ధంతో మొదలైన ఉత్తరం ముందుకు సాగదు. అత్తయ్యకి మోకాళ్ళు పట్టేశాయి. స్కూల్లో బుల్లి పక్కన ఎవరూ కూర్చోవడం లేదట. ఆ మాట అది నాకు చెప్పలేదు, వాళ్ళ టీచరు చెప్పింది. నేను బాగానే ఉన్నాను.

మీతో ఫోనులో మాట్లాడితే మాట్లాడినట్టే ఉండదు. నాలుగు మాటలు కాకముందే మీ వెనకాల నిలబడ్డాయన "కానీ, కానీ" అనడం నాకు వినిపిస్తుంది. చూడ్డానికి వస్తే అద్దానికి అటు మీరు, ఇటు మేము, చుట్టూ సంత గోల. అందుకే ఉత్తరాలే నయమనిపిస్తోంది. ఉత్తరంలో ఎవరూ భుజం తట్టరు.

అసలు సంగతి చెప్తాను. షాపు తెరిచాను. షట్టరు ఎత్తితే లోపల తెగిన తీగలు, ఖాళీ బల్లలు. పోలీసులు ఒక్క మెషీను కూడా మిగల్చలేదు. అవి ఉన్న చోట బల్ల మీద దుమ్ము పడని చదరాలు మాత్రం ఉన్నాయి. అన్నీ ఊడ్చి, బోర్డు తుడిచి, మీ కుర్చీలో కూర్చున్నాను. పై అంతస్తులకి మెట్లెక్కేవాళ్ళు ఒక్కొక్కరూ తొంగి చూసి పోతున్నారు. ఒకాయన మెట్టు మీద ఆగి మరీ అడిగాడు, "ఇంకా తెరిచే ఉంచారా?" అని.

"మూసుకోడానికి మేమేం తప్పు చేశామండీ?" అన్నాను. ఆయన గబగబా పైకి పోయాడు.

నాకు అర్థం కానిది ఒక్కటే. ఆ నర్సమ్మాయి తన ల్యాప్‌టాప్ మన దగ్గర బాగు చేయించుకుంది, నిజమే. కొన్నాళ్ళకి ఆమె సొంత ఫొటోలు ఊరందరి ఫోన్లలోకీ పాకాయి, అదీ నిజమే. అంతమాత్రాన ఆ రెంటినీ ముడేసి మిమ్మల్ని పట్టుకుపోతారా? రోడ్డు మీద ఎవరో జారిపడితే చెప్పులు కుట్టినవాణ్ణి జైల్లో వేస్తారా? అడిగినవాళ్ళందరికీ ఇదే చెప్తున్నాను.

ఇవాళ మందుల షాపు పెద్దాయన వచ్చాడు. "అమ్మాయ్, మీ ఆయన గొడవ నాకు తెలీదు గానీ, పని మాత్రం బాగా చేస్తాడు. నా కంప్యూటరు ఊరికే చతికిలపడుతోంది. కొన్న రోజు ఎలా ఉందో మళ్ళీ అలా అయిపోయే ఏర్పాటొకటి ఉంటుందట కదా, రికవరీ అనో ఏదో. అది పెట్టగలవా?" అన్నాడు.

పెట్టగలనని చెప్పేశాను. చెప్పాక చెమటలు పట్టాయి. ఇన్నేళ్ళు మీ పక్కనే కూర్చుని బిల్లులు రాశాను తప్ప స్క్రూ విప్పడం ఎరగను. కాబట్టి మాస్టారూ, పాఠం చెప్పండి. మన ఇంట్లో మిగిలింది బుల్లి కంప్యూటరొక్కటే కదా. ఆ రోజు పోలీసాయన దాన్ని తెరిచి, అది గీసిన ఏనుగు బొమ్మలు చూసి, "పాపదా?" అని అడిగి వదిలేశాడు. ముందు దాని మీద చెయ్యి తిప్పుకుంటాను.

వేళకి తినండి. మిమ్మల్ని బయటికి తెచ్చేదాకా ఈ షాపు మూయను.

మీ మనిషి


ప్రియమైన ప్రశ్నల పుట్టకి,

నీ ఉత్తరం నాకంటే ముందు ఇక్కడ ఉత్తరాలు చదివే సారు చదివాడు. కవరు చేతికిస్తూ "మీ ఆవిడ గట్టిదేనయ్యా" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "మా ఇంట్లో కంప్యూటరు కూడా అదే తంతు. ఆ రికవరీ సంగతి కాస్త విడమరిచి రాయి, నేనూ నేర్చుకుంటాను" అన్నాడు. కాబట్టి సార్, మీరు కూడా శ్రద్ధగా చదవండి.

హార్డ్ డిస్కు అంటే ఒక పెద్ద హాలు అనుకో. సామానంతా అందులోనే పడేసి ఉంటుంది. రికవరీ పార్టిషన్ అంటే ఆ హాలు చివర చిన్న గోడ కట్టి ఒక గది వేరు చేయడం. సిస్టం కొత్తగా, శుభ్రంగా ఉన్నప్పుడు దాని నకలు ఒకటి తీసి ఆ గదిలో పెడతాం. రేపు హాల్లో ఏ చెత్త చేరినా, ఏ వైరసు పట్టినా, హాలంతా కడిగేసి, గదిలోని నకలు తెచ్చి మళ్ళీ పరుస్తాం. అప్పుడు మెషీను మొదటి రోజులా అవుతుంది. హాల్లో ఉన్నవి మాత్రం పోతాయి. ఆ మాట కస్టమరుకి ముందే చెప్పు. చెప్పకుండా చేస్తే వాళ్ళ పెళ్ళి ఫొటోలు పోయాయని మన మీద పడతారు.

అందుకే మొట్టమొదటి పని, వాళ్ళ సామానంతా బయటి డిస్కులోకి కాపీ తియ్యడం. తీశాననుకుని వదిలేయకు. రెండు మూడు ఫైళ్ళు తెరుచుకుంటున్నాయో లేదో చూసుకో, అంతే. అంతకు మించి ఎవరి ఫైళ్ళూ తెరవకూడదు. కంప్యూటరు మన చేతికిచ్చారంటే ఇంటి తాళాలు ఇచ్చినట్టే.

తర్వాత సిస్టం కొత్తగా ఎక్కించు. బిల్లింగు సాఫ్ట్‌వేరూ ప్రింటరూ పనిచేస్తున్నాయో చూడు. అప్పుడు డిస్కు పటం తెరిస్తే హాలు ఒక పొడుగాటి పట్టీలా కనిపిస్తుంది. దాన్ని చివర కొంచెం కుదించు. కుదించిన చోట గది కట్టు. గది ఎంత ఉండాలంటే, నకలు పట్టాలి, పైన కాస్త ఊపిరాడాలి. అంతకంటే పెద్దది చేయడం పని తెలియనివాళ్ళ లక్షణం. నకలు అందులో పెట్టాక గదికున్న అక్షరం తీసెయ్యి. కంప్యూటరు ప్రతి గదికీ సి అనో డి అనో ఒక అక్షరం పెడుతుంది. అక్షరం లేని గది మామూలుగా కంటికి కనపడదు. కనపడకపోతే ఎవరూ పొరపాటున చెరపరు. చివరగా కస్టమరు ముందే ఒకసారి రికవరీ నడిపి చూపించు. చూపించని పని చెయ్యని పనితో సమానం.

బుల్లి మెషీను జోలికి మాత్రం పోకు. దాని బొమ్మలు పోతే ఇల్లు పీకి పందిరేస్తుంది. అటక మీద పోలీసులు కూడా పట్టించుకోని పాత కంప్యూటరు డబ్బా ఒకటుంది, దాని మీద ఎన్ని ప్రయోగాలైనా చేసుకో.

ఇక్కడ నన్ను వంటింటి పనిలో వేశారు. గంగాళాలు తోమి తోమి వేళ్ళ మీద చర్మం లేస్తోంది. నువ్వు నా కుర్చీలో కూర్చున్నావని తలుచుకుంటే మాత్రం పెద్దగా నొప్పి తెలియడం లేదు.

నీ మాస్టారు


ప్రియమైన మాస్టారికి,

పాసయ్యాను. మందుల షాపాయన ముందే రికవరీ నడిపి చూపించాను. తెర నల్లబడినప్పుడు ఆయన కంటే నేనే ఎక్కువ దేవుణ్ణి తలుచుకున్నాను. అంతా కొత్తగా మళ్ళీ వచ్చేసరికి ఆయన "బాగుందే!" అని తన బల్ల మీదున్న దగ్గు మందు సీసా తీసి నాకిచ్చాడు. నాకు దగ్గు లేదు. అయినా తెచ్చుకున్నాను.

ఆ తర్వాత చేతికి వరసగా పని తగులుతోంది. ఎక్కువగా ఆడవాళ్ళే వస్తున్నారు. కుర్చీలో ఆడమనిషి ఉందని తెలిసి వస్తున్నట్టున్నారు.

ఇప్పుడు చెప్పబోయేది మీకు నచ్చదు. కానీ మీకు దాచి నేనొక్కదాన్నీ మోయలేను. ఆ నర్సమ్మాయి వాళ్ళమ్మ షాపుకి వచ్చింది.

ఎవరో అనుకుని కుర్చీ జరిపాను. ఆవిడ కూర్చోలేదు. సంచీలోంచి ల్యాప్‌టాప్ తీసి బల్ల మీద పెట్టాక గుర్తుపట్టాను. మీ చేత్తో రాసి అంటించిన చీటీ దాని అడుగున ఇంకా ఉంది.

"పోలీసులు వాళ్ళకి కావలసింది తీసుకుని ఇచ్చేశారు. దీన్ని కడిగెయ్యమ్మా. ఏమీ మిగలకూడదు" అంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. "మా ఆయన్ని లోపల వేయించి మళ్ళీ మా షాపుకే ఎలా వచ్చారు?" అన్నాను.

"ఇంకెక్కడికి పోను? ఏ షాపులో చూసినా మగాళ్ళే. దీన్ని వాళ్ళ చేతికి మళ్ళీ ఇవ్వమంటావా?"

"మా ఆయన అలాంటివాడు కాదు. పరాయి ఆడదాన్ని తలెత్తి చూడడు."

ఆవిడ నాతో వాదించలేదు. వాదించినా బాగుండేది. "నువ్వు అలాగే అనాలి. నీ స్థానంలో ఉంటే నేనూ అదే అంటాను" అంది. తర్వాత గోడకి ఆనుకుని నెమ్మదిగా చెప్పింది, "మా పిల్ల ఆసుపత్రికి పోవడం మానేసింది. రోగులు తన మొహం చూసి నవ్వుతారని దాని భయం. గదిలోంచి రాదు. అద్దానికి దుప్పటి కప్పేసింది. నేను అన్నం తలుపు దగ్గర పెట్టి పక్కకి తప్పుకుంటే అప్పుడు తీసుకుంటుంది. నేను కూడా దాన్ని చూడకూడదట."

ల్యాప్‌టాప్ తీసుకున్నాను. దానికి మీరు పెట్టిన రికవరీ ఉంది కదా, అదే నడిపాను. అయ్యేదాకా ఆవిడ తెర వంకే చూస్తూ నిలబడింది. అంతా అయ్యాక, "ఇక లేవు కదా?" అని అడిగింది.

"ఇందులో లేవమ్మా" అన్నాను.

"ఇంకెక్కడా?"

నేను తెర మూసి ల్యాప్‌టాప్ ఆవిడ వైపు జరిపాను. ఆవిడ ల్యాప్‌టాప్‌ని పసిబిడ్డని ఎత్తుకున్నట్టు గుండెకి ఆనించుకుని వెళ్ళిపోయింది. వెళ్ళాక చాలాసేపు ఏడ్చాను. మీ కోసం ఏడ్చానో ఆ పిల్ల కోసం ఏడ్చానో నాకే తెలియలేదు. ఎవడు చేశాడో గానీ వాడి చేతులు పడిపోవాలి. వాడు చేసిన పాపానికి అక్కడ ఆ పిల్ల, ఇక్కడ మీరు, ఇద్దరూ గదుల్లో పడి మగ్గుతున్నారు.

ఇక బుల్లి కంప్యూటరు. పాపం, ఎద్దుబండిలా నడుస్తోంది. బొమ్మలన్నీ కాపీ తీసేసి, దానికీ కొత్త సిస్టం ఎక్కించి రికవరీ పెడతాను. ఇప్పుడు నాకు ధైర్యం వచ్చింది.

మీ శిష్యురాలు


ప్రియమైన నీకు,

ఆవిడని లోపలికి ఎందుకు రానిచ్చావు? రేపు కోర్టులో ఆవిడ ఇంకోలా చెప్పదని ఏమిటి నమ్మకం? జాలి ఉండాలి, కాదనను. కానీ మన ఇల్లు తగలబడుతుంటే పక్కింటికి నీళ్ళు మోస్తారా? ఇక రానివ్వకు.

బుల్లి మెషీను ముట్టుకోవద్దని రాశాను కదా. ఎందుకు వద్దన్నానో కూడా చెప్తున్నాను. దాని డిస్కు బలహీనంగా ఉంది. కదిలిస్తే మొత్తానికే పోతుంది. అందుకే నిదానంగా నడుస్తోంది. అలాగే నడవనీ. పిల్లకి ఎలాగూ బొమ్మలు గీసుకోవడానికే కదా. నేనొచ్చాక నేనే చూస్తాను.

మిగతా పనులన్నీ బాగా చేస్తున్నావు. నిజంగా సంతోషంగా ఉంది. ఆ ఒక్క పని మాత్రం నాకు వదిలేయి.

వాయిదా దగ్గరపడుతోంది. లాయరు గారు ఏమన్నారో రాయి.

నీ


ప్రియమైన మీకు,

లాయరు గారిని కలిశాను. శుభవార్తే. షాపులో పట్టుకెళ్ళిన మెషీన్లన్నీ జల్లెడ పట్టారట, ఏమీ దొరకలేదట. "సాక్ష్యం లేని కేసు నిలబడదమ్మా. వచ్చే వాయిదాకే కొట్టేయొచ్చు" అన్నారు. అత్తయ్య ఆ మాట విని మోకాళ్ళ నొప్పి మరిచిపోయి లేచి నిలబడింది. బుల్లి మీ దుప్పటి తీసి తనే ఉతికి ఆరేసింది. నీళ్ళోడుతున్న దుప్పటి దానికంటే బరువుంది. అయినా నన్ను చెయ్యి వెయ్యనివ్వలేదు.

ఆ నర్సమ్మాయి వాళ్ళమ్మ మళ్ళీ రాలేదు లెండి. వస్తే మాత్రం నేను పొమ్మనలేను. ఆ ఒక్కటి నన్ను అడగకండి.

ఇంకొక మాట. కోప్పడకండి. బుల్లి మెషీను నేను కదపలేదు, విప్పలేదు. డిస్కు నిజంగా పోయేలా ఉంటే ముందు బొమ్మలైనా కాపాడదామని తెరిచాను, అంతే. డిస్కు ఆరోగ్యం చూసే సాఫ్ట్‌వేరు ఒకటుంది కదా, దాంతో పరీక్షిస్తే దిట్టంగా ఉందని వచ్చింది. మళ్ళీ చూశాను. మళ్ళీ అదే వచ్చింది. మీరు పొరబడి ఉంటారు.

నిదానం ఎందుకో నాకు దొరికింది. డిస్కు పటం తెరిచి చూస్తే చివర రికవరీ అని ఒక గది ఉంది, మీరు కట్టిందే అయ్యుండాలి. కానీ అది డిస్కులో సగం ఆక్రమించేసింది. పాపం, దాని హాల్లో ఏనుగులకి చోటెక్కడిది? నకలు పట్టి, ఊపిరాడితే చాలని మీరే రాశారు కదా. ఇది ఊపిరాడటం కాదు, అందులో పెళ్ళి చెయ్యొచ్చు. ఇంత పెద్దది ఎందుకు కట్టారు? నేను చిన్నది చేసేయనా?

జవాబు తొందరగా రాయండి. దుప్పటి ఆరిపోయింది. మడతపెట్టి మీ పక్క మీద ఉంచాను.

మీ మనిషి


నా బంగారానికి,

ఈ ఉత్తరం ఇక్కడి సారు చదవరు. ఇది తెచ్చినాయన మా గదిలో ఉండేవాడు, వడ్రంగి. ఇవాళ విడుదలవుతున్నాడు. ఆయన్ని ఏమీ అడగకు, ఆయనకేమీ తెలియదు.

ఉత్తరం చదివిన వెంటనే షాపు షట్టరు దించేసి ఇంటికి వెళ్ళు. బుల్లి మెషీను అడుగున స్క్రూలు విప్పితే డిస్కు బయటికొస్తుంది. దాన్ని రాయి మీద పెట్టి సుత్తితో ముక్కలయ్యేదాకా కొట్టు. చెరిపితే చాలదు. చెరిపినవి తిరిగి లాగేవాళ్ళున్నారు. ముక్కలన్నీ ఒకచోట పడేయకు.

అందులో ఏమీ లేదు. పాత సినిమాలు, దొంగ సాఫ్ట్‌వేర్లు, అంతే. మామూలు రోజుల్లో అయితే నవ్వుకునే విషయం. కానీ కేసు కొట్టేసే సమయంలో ఆ మాత్రం దొరికినా చాలు, తాడుని పామంటారు. లాయరు పడిన శ్రమంతా బూడిదలో పోసిన పన్నీరవుతుంది.

తెరవకు. నన్ను నమ్ముతున్నావు కదా? నమ్మితే చూడవు. చూశావంటే నమ్మనట్టే. బుల్లి మొహం చూసి ఈ ఒక్క పని చెయ్యి. అది తండ్రి లేని పిల్ల కాకూడదు. నేను వచ్చాక మనం ఈ ఊరు వదిలేసి వేరే చోట షాపు పెట్టుకుందాం. నువ్వు ఒక బల్ల దగ్గర, నేను ఒక బల్ల దగ్గర. నువ్వు ఏం అడిగినా చెప్తాను, ఇదొక్కటి తప్ప.

ఈ కాగితం కూడా కాల్చేయి.

ఎప్పటికీ నీవాడు


మీకు,

ఈ ఉత్తరం అక్కడి సారు చదువుతారని తెలిసే రాస్తున్నాను. చదవనివ్వండి.

వడ్రంగి ఆయన మీ కాగితం ఇచ్చి, మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయాడు. మీరు చెప్పినట్టే షట్టరు దించాను. ఇంటికి వెళ్ళాను. బుల్లి స్కూల్లో ఉంది. అత్తయ్య మందు రాసుకుని పడుకుంది. స్క్రూలు విప్పి డిస్కు తీశాను. పెరట్లో బట్టలుతికే రాయి మీద పెట్టి సుత్తి ఎత్తాను కూడా. మీరు ఏమీ లేదన్నారు, నేను నమ్మాను. నమ్మాననే నా మనసుకి చెప్పుకున్నాను.

కానీ ఏమీ లేనిదాన్ని ముక్కలయ్యేదాకా కొట్టమనడం ఎందుకు? ముక్కల్ని కూడా వేరువేరు చోట్ల పడేయమనడం ఎందుకు? మీరు ఆరోగ్యంగా ఉన్న డిస్కుని రోగిష్టిదని నాతో అబద్ధమాడారు. ఆ అబద్ధం నా సుత్తికి అడ్డం పడింది. చెయ్యి దిగలేదు. లోపలికొచ్చి డిస్కు మళ్ళీ బిగించి, ఆ గదికి ఒక అక్షరం ఇచ్చాను. ఎలా ఇవ్వాలో మీరు నేర్పిందే.

తెరుచుకుంది.

నకలు లేదు. సినిమాలు లేవు. ఫోల్డర్లున్నాయి, ఒక్కో ఫోల్డరుకి ఒక్కో ఆడమనిషి పేరు. ఆ నర్సమ్మాయి పేరున్నది తెరిచాను. మొదటి ఫొటో చూసి మూసేశాను. ఎవరెవరికి పంపారో ఆ జాబితా కూడా దాని పక్కనే ఉంది. మిగతావి తెరవలేదు, పేర్లు మాత్రం చదివాను. చదువుతుంటే ఒక్కొక్కరూ మెట్లు దిగి మన షాపులోకి వస్తున్నట్టే అనిపించింది. పై అంతస్తులో లెక్కల ట్యూషను చెప్పే ఆవిడ. పురుడికి పుట్టింటికొచ్చి, బిడ్డ ఫొటోలు పోయాయని ఏడ్చిన పిల్ల. మన బుల్లి వాళ్ళ టీచరు. వాళ్ళందరికీ నేనే బిల్లు రాశాను. "మా ఆయన చేతిలో పెట్టారు కదా, ఇక బెంగ పడకండి" అని నవ్వుతూ చెప్పి పంపించాను.

ఎక్కడ దాచారండీ వాటిని. పక్కనే మన బుల్లి ఏనుగులు గీసుకునేది.

తర్వాత మెషీను సంచీలో పెట్టుకుని ఆ నర్సమ్మాయి ఇంటికి వెళ్ళాను. పోలీసుల దగ్గరికి ముందు వెళ్ళాల్సింది, తెలుసు. కానీ ఆ ఫొటోలు మీవి కావు, పోలీసులవి కావు, నావి అంతకంటే కావు. ఆ పిల్లని అడగకుండా ఇంకొకరి చేతికి ఇవ్వడానికి నాకు మనసొప్పలేదు.

వాళ్ళమ్మ నన్ను చూడగానే అర్థం చేసుకుంది. ఆ రోజు నేనన్న మాటలకైనా నన్ను తిడుతుందేమోనని ఎదురుచూశాను. లోపలి తలుపు దాకా తీసుకెళ్ళి "నువ్వే చెప్పు" అంది. మూసిన తలుపుకి చెప్పాను. ఏం దొరికిందో, ఎక్కడ దొరికిందో, అంతా చెప్పాను.

"ఎవరి కంప్యూటర్లో అన్నారు?" అని లోపలి నుంచి వినిపించింది.

"మా పాపది."

"ఎంత పాప?"

"ఇంకా ఎక్కాలు నేర్చుకుంటోంది."

తర్వాత, "నా ఒక్కదానివేనా?" అని అడిగింది.

"కాదమ్మా. చాలామందివి."

లోపల గొళ్ళెం కదిలింది, తలుపు తెరుచుకోలేదు. "నాకైతే అన్నీ చెరిపెయ్యమని ఉంది. ఇప్పుడే, ఇక్కడే. ఇంకొక్కరు చూసినా నేను భరించలేను" అంది.

"నువ్వు చెరిపెయ్యమంటే నీ ముందే చెరిపేస్తాను."

"చెరిపేస్తే ఆయన వచ్చేస్తాడు కదా."

"వస్తారు."

"మళ్ళీ షాపు తెరుస్తాడు."

వేరే చోట షాపు పెడదామని రాసిన మీ కాగితం నా జాకెట్లోనే ఉంది.

"ఇచ్చెయ్యండి" అంది ఆ అమ్మాయి. "ఆడ పోలీసుకే ఇవ్వండి. మగాళ్ళకి వద్దు."

అలాగే ఇచ్చాను. ఆ పోలీసావిడ కాగితాల మీద రాసుకుంటూ, "మీరు ఆయన భార్య కదా, ఏం ఇస్తున్నారో తెలిసే ఇస్తున్నారా?" అని అడిగింది. తెలిసే ఇస్తున్నానని చెప్పాను. మీ కాగితం కూడా ఇచ్చాను. కాల్చలేదు.

అత్తయ్యకి నేనే చెప్పాను. బయటివాళ్ళు చెప్తే ఇంకా ఘోరంగా ఉంటుందని. "కట్టుకున్నదానివి, కడుపులో పెట్టుకోవాల్సింది పోయి కాటేశావు" అంది. ఆవిడ మీ కన్నతల్లి, ఆ మాట అనే హక్కు ఆవిడకుంది. మర్నాడు బట్టలు సర్దుకుని మీ అన్నయ్య గారింటికి వెళ్ళిపోయింది. ఇకనుంచి మీకు సబ్బులూ బట్టలూ వాళ్ళే తెస్తారు.

బుల్లి కంప్యూటరు ఏదని అడిగింది. పోలీసులకి పని ఉందని తీసుకున్నారని చెప్పాను. "నా బొమ్మలు చూస్తారా?" అంది. చూడరన్నాను. అబద్ధమే అయ్యుంటుంది, అన్నీ చూస్తారు కదా. దానికి కాగితాలూ రంగులూ కొనిచ్చాను. ముట్టుకోవడం లేదు. పెద్దదై అడిగిన రోజున మీరేం చేశారో నేనే చెప్తాను. మీరు దానికి ఉత్తరాలు రాయొద్దు. రాసినా ఇవ్వను.

మీ మీద కోపంతో రాస్తున్నానని అనుకోకండి. కోపం వస్తే బాగుండు, దానికి ఎదురుచూస్తున్నాను. పొద్దున లేవగానే మీరు నిర్దోషి అన్న నమ్మకం ఇంకా అలవాటుగా వస్తుంది. మొహం కడుక్కునేసరికి పోతుంది. రోజూ ఇదే.

లాయరు గారు మీ కేసు వదిలేశారు. వేరే ఆయన్ని ఏర్పాటు చేసుకోమని మీ అన్నయ్య గారికి కబురు పెట్టాను. వాయిదా మాత్రం అదే రోజు. ఆ అమ్మాయి వస్తానంది. బయటికి అడుగుపెట్టి ఎంతకాలమైందో, కోర్టు మెట్ల దగ్గరే కాళ్ళు తడబడతాయేమోనని వాళ్ళమ్మ భయం. నేనూ వస్తాను. మిమ్మల్ని లోపలికి తెచ్చేటప్పుడు మీ వైపు బెంచీ మీద నా కోసం వెతకొద్దు. ఆ పిల్లకి ఒక పక్క వాళ్ళమ్మ కూర్చుంటుంది. రెండో పక్క ఖాళీగా ఉంచలేం కదా.

బుల్లి వాళ్ళమ్మ